వెల్డర్ నెస్టర్‌ని వాళ్ళ ఊళ్ళో దింపి రావడం

ఫిలిప్పీన్స్ వెళ్ళొచ్చానని చెప్పగానే, ఇక్కడ గల్ఫులో, నయీము పేటలో మనవాళ్ళందరిదీ ఒకటే ఇకిలింపు. శుక్రవారం టీ కొట్టు దగ్గర చేరి, ఏం చూశావు సత్తిబాబూ, ఎలా ఉన్నారు అక్కడివాళ్ళు అని కళ్ళెగరేస్తారు. వాళ్ళ బుర్రల్లో ఏముందో నాకు తెలీదా. వాళ్ళనుకునేదేదీ నేను చూడలేదండి. నేను చూసింది వాన, పందులు, ఎండు చేపలు, మళ్ళీ వాన. ఆ దేశం గురించి ఎవరైనా గొప్పగా చెబితే నమ్మకండి. వెళ్ళినవాణ్ణి నేను, నన్నడగండి.

సిత్రా

ముందు నేనెందుకు వెళ్ళానో చెప్పాలి. సరదాకి వెళ్ళేంత వెర్రివాణ్ణి కాను. మాది రాజోలు పక్కన సముద్రపొడ్డు ఊరు. తొమ్మిదేళ్ళుగా ఈ గల్ఫులో, సిత్రా అనే చోట ఒక కాంట్రాక్టరు దగ్గర స్టోర్ కీపరుని. బోల్టు దగ్గర్నుంచి చేతి తొడుగుల దాకా ఏదైనా నా కిటికీలోంచే బయటికి పోవాలి. పాతది తెచ్చి ఇస్తేనే కొత్తది, అదీ రూలు. ఆ రూలు నేను పెట్టింది కాదు గానీ, దాన్ని నా అంత గట్టిగా పట్టుకున్నవాడు క్యాంపులో లేడని పేరు. ఆ పేరంటే నాకు మోజే. అడిగినవాడికల్లా ఇచ్చుకుంటూ పోతే ఆ సామానంతా ఏ కొట్లో తేలుతుందో నాకు తెలుసు.

నెస్టర్ మా క్యాంపులో వెల్డరు. ఫిలిప్పీనో. పొట్టిగా, ఎప్పుడూ నవ్వు మొహంతో ఉంటాడు. పలకరిస్తే నవ్వుతాడు, కసిరితే నవ్వుతాడు. అలాంటివాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మంట. ఒక మధ్యాహ్నం, వెల్డింగు ముసుగులో ఉండే నల్లద్దం పగిలిందని సగం ముక్క పట్టుకుని నా కిటికీ దగ్గరికొచ్చాడు. మిగతా సగం ఏదన్నాను. ట్యాంకు లోపల పడిపోయిందట, అడుగున మడ్డి ఉంది, కనపడటం లేదట. వెతికి పట్రా, అప్పుడిస్తానన్నాను. నవ్వేసి వెళ్ళిపోయాడు. వెనక ఫోర్‌మన్ యల్లా యల్లా, కానీ కానీ అని అరుస్తున్నాడు మరి. ఉన్న సగానికి అట్టముక్క పెట్టి టేపు చుట్టుకుని పనిలోకి దిగాడు. మర్నాడు ఆ సందులోంచి నిప్పురవ్వ కుడి కంట్లో పడింది. రెండు నెలలు తిరిగేసరికి కుడి కన్ను పోయింది, దాని వెనకే ఎడమ కన్నూ మసకబారింది. ఎదురుగా మనిషి ఉన్నాడని తెలుస్తుంది, ఎవరో తెలీదు.

నన్నెవరూ ఒక్క మాట అడగలేదు. రూలు ప్రకారమే చేశాను కదా.

ఖలాస్, ఇంటికి పంపించేద్దామన్నారు. ఒంటరిగా విమానం ఎక్కించరట, తోడు కావాలి. వాళ్ళ దేశంవాళ్ళు క్యాంపులో ముప్ఫై మంది ఉన్నారు. వాళ్ళలో ఎవరినైనా అడగొచ్చుగా. సత్తి రావాలన్నాడట నెస్టర్. క్యాంపు బాసు నన్ను పిలిచి, ఎలాగూ నీకు సెలవు రావాలి, టిక్కెట్టు మేమిస్తాం, వెళ్ళిరా అన్నాడు. కాదంటే ఎందుకు కాదంటున్నావని అడుగుతారు. ఆ ప్రశ్న నాకు అక్కర్లేదు. అందుకని వెళ్ళాను.

విమానంలో

కూర్చోబెట్టి బెల్టు పెట్టాక నెస్టర్ సంగతి చెప్పాడు. మా ఇద్దరి మధ్యా నడిచేది ముక్కల ఇంగ్లీషు, అందులో కాస్త హిందీ, కాస్త అరబ్బీ. అతనికి వెల్డింగు నేర్పింది వాళ్ళావిడ మేనమామట. ఓడల మీద వెల్డరుగా చేసి, ఇప్పుడు ఊరికి పెద్దగా ఉన్నాడు. అందరూ కపితాన్ అంటారు. ముందు అద్దం చూసుకో, తర్వాతే రాడ్డు పట్టుకో అన్నది ఆయన నేర్పిన మొదటి పాఠం. కంపెనీనుంచి ఊరికి వెళ్ళిన ఉత్తరంలో పనివాడి అజాగ్రత్త వల్ల జరిగిందని రాశారు. అది చదివాక ఆ ముసలాయన నెస్టర్ పేరెత్తడం మానేశాడట. తాగి పని చేసుంటాడని ఊళ్ళో అనుకుంటున్నారట.

"అక్కడ ఎలా జరిగిందని అడుగుతారు," అన్నాడు నెస్టర్. "నేను చెబితే సాకు చెబుతున్నాననుకుంటారు. నువ్వు చెప్పు."

అలాగేలే అన్నాను. ఇంకేమంటాను, సముద్రం మీద ఎగురుతున్నాం. ఆ తర్వాత అతను హాయిగా నిద్రపోయాడు. నేను మాత్రం ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

మనీలా

మనీలా అంటే ఏమీ లేదండి. విజయవాడ బస్టాండుని ఊరంత చేసి, మీద వాన కురిపిస్తే మనీలా. జీపుల్ని సాగదీసి బస్సుల్లా చేశారు. వాటికి రంగులు, కుచ్చులు, అద్దాలు, గుర్రపు బొమ్మలు. మన పెళ్ళి ట్రాక్టరే నయం, ముస్తాబు ఒక్క రోజుతో ఊరుకుంటుంది. టిక్కెట్టు లేదు. వెనక కూర్చున్నవాడు డబ్బులిస్తే ముందువాడు, వాడి ముందువాడు అందుకుంటూ డ్రైవరు దాకా పంపుతారు. చిల్లర కూడా అలాగే చేతులు మారి వెనక్కొస్తుంది. మధ్యలో ఎవడూ నొక్కెయ్యడట. నేను నమ్మలేదు. నా చిల్లర వచ్చేదాకా మెడ తిప్పలేదు. వచ్చింది.

దినారుకి డెబ్బై పెసోలు చేతికొస్తాయి. హోటల్లో అన్నం, కోడి ముక్క ముప్ఫై అయిదు పెసోలు. ఆ కోడిలో కారం లేదు. వెనిగరు, సోయా పోసి ఉడకబెట్టి దాన్ని వంట అంటారు. ఎండుమిర్చి కావాలని సైగ చేస్తే తియ్యటి టమాటా సాసు తెచ్చి పెట్టింది ఆ పిల్ల, నవ్వుతూ. వీళ్ళందరికీ ఈ నవ్వొకటి.

బస్సు

అక్కణ్ణించి సమర్ అనే దీవికి ఒక పగలూ ఒక రాత్రీ బస్సు. మధ్యలో బస్సుని కూడా ఓడెక్కించి దించారు. దారిలో ఒకడు బుట్టలో గుడ్లు తెచ్చి అమ్మాడు, అయిదు పెసోలు. హమ్మయ్య, ఉడికిన గుడ్డుకి మోసం ఉండదుగా అని కొని పెంకు తీద్దును కదా, లోపల ఈకలతో సహా పిల్ల ఉంది. అది వాళ్ళకి బలం తిండట. కిటికీలోంచి విసిరేశాను. పక్కన కూర్చున్న పెద్దావిడ, అయ్యో దాన్ని పారేశావా అన్నట్టు నాకేసి చూసింది. నెస్టర్‌కి కనపడకపోయినా వాసనతో పసిగట్టేసి ఒకటే నవ్వు.

అతన్ని నడిపించడం మాత్రం కష్టం కాలేదు. నా భుజం మీద చెయ్యి వేసుకుని నడిచేవాడు. మెట్టు వస్తే మెట్టు అని, నీళ్ళుంటే నీళ్ళు అని చెప్పాలి, అంతే. రెండో రోజుకి నేను చెప్పకముందే నా నడకని బట్టి తెలుసుకోవడం మొదలుపెట్టాడు.

మలుబాగ్

బస్సు దిగాక పడవ. రెండు వైపులా వెదురు బొంగులు బారగా కట్టిన సన్నటి పడవ. ఇంజను చప్పుడుకి చెవులు పోయాయి, అలలకి బట్టలు తడిసిపోయాయి. రెండు గంటల తర్వాత ఒక ఇసక ఒడ్డు, నలభై ఇళ్ళు, తలకొకటి చొప్పున కొబ్బరిచెట్లు. ఇదే మలుబాగ్ అన్నాడు నెస్టర్, నేనేదో స్వర్గం చూస్తున్నట్టు.

నేను కొబ్బరిచెట్టు చూడనివాణ్ణా. మా కోనసీమ కొబ్బరి ముందు ఇవెంతండీ. ఇళ్ళు తాటాకులాంటి ఏదో ఆకుతో కప్పారు. నేలకి మనిషెత్తున వెదురు బద్దల గచ్చు, బద్దల మధ్య సందులు. పైన మనం తింటుంటే కింద పడే మెతుకులకి పందులు కాచుకుని ఉంటాయి. ఊరి మధ్యలో చిన్న చర్చి. కిందటేడు తుపానుకి దాని కప్పు లేచిపోతే రేకులు వేశారు. నెస్టర్ ఇల్లొక్కటే సిమెంటు ఇటుకలది. సగం లేచి ఆగిపోయింది, పైన ఇనప చువ్వలు అలాగే నిలబడి ఉన్నాయి. అది మాత్రం నాకు కొత్తగా అనిపించలేదు. మా వైపు ప్రతి ఊళ్ళో అలాంటి మస్కట్ మేడలు, కువైట్ మేడలు నాలుగైదు ఉంటాయి.

ఒడ్డున వాళ్ళావిడ లుజ్ నిలబడి ఉంది. ఏడుస్తుందేమోననుకున్నాను. ఏడవలేదు. పడవ దగ్గరికి మోకాళ్ళలోతు నీళ్ళలోకి వచ్చి, అతని చెయ్యి నా భుజం మీంచి తీసి తన భుజం మీద వేసుకుంది. నాకు థాంక్స్ చెప్పింది. బళ్ళో నేర్చుకున్న ఇంగ్లీషు, నా ఇంగ్లీషు కంటే బాగుంది. ఆరేళ్ళు మీరే ఇతనికి సాయంగా ఉన్నారట, ఉత్తరాల్లో రాసేవాడు అంది.

ఏం రాశాడో ఏమిటో. నేను సాయం చెయ్యడం నాకైతే గుర్తు లేదు.

అన్నానికి రమ్మంటే

మర్నాడు పొద్దున్నే ఊరు చూద్దామని బయల్దేరాను. మొదటి ఇంటి ముందు అరుగు మీద కూర్చుని తింటున్నవాళ్ళు నన్ను చూసి, రండి తిందాం అని పిలిచారు. మా గోదావరి వైపు అలా పిలిస్తే పిలిచినట్టే. కూర్చోకపోతే వాళ్ళకి తలవంపులు. కూర్చున్నాను. అన్నం, ఉప్పు చేప. రెండో ఇంటి దగ్గరా పిలిచారు. అక్కడ నీళ్ళలో ఉడికించిన చేప, నిమ్మ పిండారు. పులుసు పెట్టడం తెలీదు, తాలింపు తెలీదు. చింతపండు ఇంటి వెనకే కాస్తోంది, కళ్ళెదుట. మూడో ఇంటి దగ్గర ఇక తినలేనని మొహమాటపడుతూనే తిన్నాను. వీళ్ళకి పనీ పాటా లేదు, దారినపోయేవాళ్ళకి పెట్టడమే పని అనుకున్నాను.

ఇంటికొచ్చి చెబితే నెస్టర్ పొట్ట పట్టుకుని నవ్వాడు. అది పిలుపు కాదట, పలకరింపట. తింటున్నప్పుడు దారిన ఎవరు పోతున్నా పిలవాలి. ఇప్పుడే తిన్నానండీ అని వాళ్ళు సాగిపోవాలి. ఇప్పటిదాకా ఎవరూ నిజంగా కూర్చోలేదట. మూడో ఇంట్లో ఆ పూటకి వండుకున్నది అంతే. నా కంచంలో పడ్డ చేప ఆ ఇంటి పెద్దాయనదట. ఒక్కరూ మొహం చిట్లించలేదు సుమండీ. ఇంకొంచెం వేసుకోమన్నారు కూడా.

సిగ్గేసింది, దాచడం దేనికి. కానీ లేనప్పుడు పిలవడమెందుకు, అదొక ఆచారమా అని పైకి విసుక్కున్నాను.

రాతి బురుజు

మధ్యాహ్నం కపితాన్ వచ్చి ఊరంతా తిప్పాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, ముంజేతుల నిండా నిప్పురవ్వల మచ్చలు. నన్ను గౌరవంగా పలకరించాడు. నెస్టర్ గొంతు విని అటు తిరగను కూడా తిరగలేదు. సముద్రం మీదికి పొడుచుకొచ్చిన గుట్ట మీద సగం కూలిన రాతి బురుజు చూపించాడు. వెనకటి రోజుల్లో దక్షిణాన్నించి దొంగలు పడవలేసుకొచ్చి మనుషుల్ని పట్టుకుపోయి బానిసలుగా అమ్మేవాళ్ళట. తెరచాప కనపడగానే బురుజు మీదివాడు శంఖం ఊదితే ఊరంతా అడవిలోకి పరుగు. అలా మిగిలినవాళ్ళ పిల్లలే ఈ ఊరు. బాగుందండి కథ. ఇప్పుడు శంఖం ఊదే పని లేదు. వీసా ముక్క చూపిస్తే వాళ్ళే సంచీ సర్దుకుని, ఏజెంటుకి దణ్ణం పెట్టి ఎక్కుతారు. మేమూ అంతే అనుకోండి.

ఆయన నన్ను ఒకటే అడిగాడు, మీ స్టోర్లో అద్దాలు బాగా దొరుకుతాయా అని. ఎన్ని కావాలంటే అన్ని అన్నాను. డబ్బాలు డబ్బాలుగా ఉన్నాయి నిజంగానే. ఆయన తల పంకించి సముద్రంకేసి చూస్తూ నిలబడ్డాడు.

విందు

నాలుగో రోజు మధ్యాహ్నం నెస్టర్ వచ్చినందుకు విందు. పందిని కోశారు. నేను తిననని చెబితే నాకోసం లుజ్ విడిగా పీతలు వండింది, ఊళ్ళో ఎవరి పెరట్లోనో మిరపకాయలు వెతికి తెచ్చి మరీ. తిన్నాక మగవాళ్ళందరూ కొబ్బరిచెట్ల కింద వలయంగా కూర్చున్నారు. కొబ్బరి కల్లు. మన కల్లులా తెల్లగా ఉండదు, ఏదో చెట్టు బెరడు వేసి ఎర్రగా చేస్తారు, నోరు పట్టేస్తుంది. దాన్ని తాగే పద్ధతి వినండి. అంతమందికీ ఒకటే గ్లాసు. పెద్దమనిషి పోసి ఒకడికి ఇస్తాడు, వాడు తాగి తిరిగిస్తాడు, మళ్ళీ అందులోనే పోసి పక్కవాడికి. పన్నెండు మంది ఎంగిలి. మా ఇంట్లో మా తమ్ముడు తాగిన గ్లాసు కూడా నేను కడక్కుండా ముట్టుకోను. అయినా ఎవరినీ దాటవేయకూడదట. గ్లాసు అందినవాడు ఆ వలయంలో మనిషి, అందనివాడు కాదు. నెస్టర్ ముందే చెప్పాడు, తప్పించుకోకు పరే, ఒక్క గుక్క చాలు అని. పరే అంటే నేస్తం.

పోసేది కపితానే. మొదటి చుట్టు తిరిగింది. నేను కళ్ళు మూసుకుని ఒక గుక్క మింగాను. నెస్టర్ నా పక్కనే ఉన్నాడు, అతనికీ అందింది. అప్పుడు కపితాన్ కూజా కింద పెట్టి నాకేసి చూశాడు. వంటపాక గుమ్మంలో లుజ్ చేతులు తుడుచుకుంటూ నిలబడిపోయింది.

"మీరు అక్కడే ఉన్నారు కదా. వీడికి పని నేర్పింది నేను. అద్దం చూసుకోకుండా ఎలా చేశాడు?"

ఇంగ్లీషులో, నెమ్మదిగా, నాకు అర్థమయ్యేలా అడిగాడు. నెస్టర్ నావైపు తిరిగాడు. నేనెక్కడున్నానో అతనికి సరిగ్గా తెలీదు, కొంచెం పక్కకి చూస్తున్నాడు. మొహంలో అదే నవ్వు. అయిదు వేల మైళ్ళు నన్ను తీసుకొచ్చింది ఈ ఒక్క మాట కోసమే.

నేనేమన్నానో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"తొందర పనండీ. అద్దం పగిలింది. మార్చుకోకుండా చేశాడు."

అబద్ధం ఒక్క ముక్క లేదు చూడండి. తొందర నిజం, పగలడం నిజం, మార్చుకోకపోవడం నిజం. స్టోర్లో పనిచేసేవాడికి ఏది ఇవ్వాలో, ఏది ఆపాలో బాగా తెలుసు. కపితాన్ కూజా ఎత్తి గ్లాసు నింపి నాకిచ్చాడు. తాగాను. తిరిగిచ్చాను. మళ్ళీ నింపాడు. నెస్టర్‌కి వరస తెలుసు, నా తర్వాత తనే, చెయ్యి చాపాడు. గ్లాసు ఆ చెయ్యి మీంచే అవతలివాడికి వెళ్ళింది.

అతనికి కనపడదు కదా. పోస్తున్నారనుకుని చెయ్యి అలాగే చాపి ఉంచాడు. గ్లాసు ఇద్దరు దాటింది, ముగ్గురు దాటింది. నేను పక్కనే ఉన్నాను, మెట్టు వస్తే మెట్టు అని చెప్పినవాణ్ణి, ఒక్క మాట చెప్పలేకపోయాను. చివరికి లుజ్ వచ్చి ఆ చేతిని కిందికి దించి లోపలికి తీసుకెళ్ళింది.

ఎంగిలి గ్లాసుని ఈసడించుకున్నాను చూడండి, ఆ ఊళ్ళో ఆ రోజు ఎంగిలి అయింది ఒక్క నా నోరే. నా మొహం మీద నాకే ఉమ్మెయ్యాలనిపించింది.

తిరుగు పడవ

అయిదో రోజు పొద్దున్న పడవ. లుజ్ దారికని అరటాకులో అన్నం కట్టి ఇచ్చింది. నన్నేమీ అడగలేదు. నెస్టర్ ఆవిడ భుజం పట్టుకుని ఒడ్డుదాకా వచ్చాడు. నేను పడవెక్కబోతుంటే ఆగమని, చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీసి నా చేతిలో పెట్టాడు. విప్పి చూశాను. నల్లద్దం సగం ముక్క, విరిగిన అంచుకి మడ్డి ఎండి ఉంది. అతను ఆసుపత్రిలో ఉండగా ట్యాంకు కడిగినవాళ్ళకి దొరికిందట, తెచ్చి ఇచ్చారట.

"మిగతా సగం," అన్నాడు. "నువ్వు అడిగావు కదా."

వెక్కిరింపు కాదు. కోపమూ కాదు. అప్పుడే నవ్వడం లేదని గమనించాను. ఆరేళ్ళలో మొదటిసారి ఆ మొహం నవ్వు లేకుండా చూశాను. అది తీసుకుని పడవెక్కాను.

మళ్ళీ సిత్రా

ఇప్పుడా ముక్క నా కిటికీ పక్కన సొరుగులో ఉంది. రూలు ప్రకారం అది తెచ్చినవాడికి కొత్తద్దం ఇవ్వాలి. కపితాన్‌కి ఉత్తరం రాద్దామని మూడుసార్లు కూర్చున్నాను. సామాను ఇండెంట్లు రాసే ఇంగ్లీషే, దానికి సరిపోతుంది. అతను అద్దం అడిగాడు, నేను ఇవ్వలేదు, తిప్పి పంపించేశాను. ఇంతే కదా రాయాల్సింది. మూడుసార్లూ చింపేశాను.

తర్వాత కూర్చుని ఇదంతా రాశాను. జరిగింది జరిగినట్టు, ఏదీ దాచుకోకుండా. కానీ తెలుగులో రాశాను. మలుబాగ్‌లో నలభై ఇళ్ళున్నాయి, తెలుగు చదవగలిగినవాడు ఒక్కడూ లేడు. ఆ సంగతి తెలిసే రాశాను.